మాంక్ చేతికి డ్రాగన్ ఊపిరి: సొంత సబ్‌క్లాస్ లెక్క ఎక్కడ తప్పుతుంది?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే బల్ల మీది పాత్రల ఆటలో డ్రాగన్ శక్తి ఉన్న మాంక్‌ను ఆడతానని ఎవరైనా ముందుకొస్తే వద్దనడానికి మనసొప్పదు. ఆయుధం పట్టకుండా ఒట్టి చేతులతో పోరాడే యోధుడు గాలిలోకి లేచి, నోటితో నిప్పులు కక్కి, శత్రువుల నడుమ దిగుతాడు. ఊహ అంత బాగుంటుంది. దాన్ని నియమాలుగా కాగితం మీద పెట్టబోతేనే పేచీ మొదలవుతుంది. ఒకరు రాసిన డ్రాగన్ మాంక్ మొదటి పోరులోనే మంత్రగాడి పని కూడా తానే చేసేసి, తక్కినవాళ్లను చూస్తూ కూర్చునేలా చేస్తాడు. ఇంకొకరు మరీ జాగ్రత్తపడి రాసిన మాంక్ ఎంతకాలం ఆడినా ఆ నిప్పు బయటికి తీయడు, పిడికిలితో కొట్టడమే ఎప్పుడూ లాభం కాబట్టి. నల్లగొండలో మేం వారాంతాల్లో ఆడే బల్ల దగ్గర రెండు రకాలూ చూశాం. 2024లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ నియమాలు మారాక ఈ పేచీ మళ్లీ రాజుకుంది. పాత నియమాల కోసం రాసుకున్న సబ్‌క్లాసును, అంటే పాత్ర వృత్తిలోని ప్రత్యేక శాఖను, కొత్త మాంక్‌కు తగిలించవచ్చా అన్నది ఇప్పటి ప్రశ్న.

నా మట్టుకు నేను గట్టిగా నమ్మేది ఇది. డ్రాగన్ మాంక్ మంచిచెడ్డలు తేలాలంటే, నిప్పు ఊదిన ప్రతిసారీ మాంక్ దేన్ని వదులుకుంటున్నాడో ముందు చూడాలి. నిప్పు ఎంత పెద్దదన్న ప్రశ్న ఆ తర్వాతిది.

## క్లాస్, సబ్‌క్లాస్, హోమ్‌బ్రూ అంటే

డంజన్స్ అండ్ డ్రాగన్స్ 1974లో అమెరికాలో అచ్చయిన ఆట. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ దాని సృష్టికర్తలు. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఒకరు కథ నడుపుతారు, ఆ నడిపేవారిని డీఎం అంటారు. మిగతావారు తలా ఒక పాత్ర ఆడతారు. పాత్ర తలపెట్టిన పని నెరవేరిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక వేసి తేలుస్తారు. దాన్ని డి20 అంటారు. దెబ్బ ఎంత గట్టిగా తగిలిందో చెప్పడానికి నాలుగు, ఆరు, ఎనిమిది, పది ముఖాల పాచికలు ఉంటాయి. 2డి6 అంటే ఆరు ముఖాల పాచికలు రెండు వేసి కలపడం. సగటున 7 వస్తుంది.

క్లాస్ అంటే పాత్ర చేపట్టిన వృత్తి. యోధుడైతే ఫైటర్, మంత్రగాడైతే విజార్డ్, దొంగ అయితే రోగ్. మాంక్ 1975 నుంచి ఈ ఆటలో ఉంది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌లో మాంక్ 3వ లెవెల్‌కు చేరగానే ఒక సబ్‌క్లాస్ ఎంచుకుంటాడు. మాంక్‌లందరికీ ఉండే శక్తులు ఎలాగూ ఉంటాయి. వాటికి తోడు 3, 6, 11, 17 లెవెళ్లలో ఆ సబ్‌క్లాస్ ఇచ్చే ప్రత్యేక శక్తులు వస్తాయి. ప్రచురణకర్తలు ఇచ్చినవి కాకుండా ఆడేవాళ్లు సొంతంగా రాసుకునే నియమాలన్నీ హోమ్‌బ్రూ. అంటే డ్రాగన్ మాంక్‌ను సొంతంగా రాయడమంటే ఆ నాలుగు లెవెళ్లలో ఏమేం ఇవ్వాలో నిర్ణయించడమే.

అధికారికంగా ఒక డ్రాగన్ మాంక్ ఇప్పటికే ఉంది. 2020 అక్టోబరులో ముసాయిదాగా బయటపెట్టి, 2021 అక్టోబరులో డ్రాగన్ల గురించిన పుస్తకంలో చేర్చిన ఆ సబ్‌క్లాస్ పేరు అసెండెంట్ డ్రాగన్. మరి ఇంకొకటి రాయడం దేనికి? చాలామంది డీఎంలు సొంత ప్రపంచాలు కడతారు, అక్కడి డ్రాగన్లు వేరు, వాటి స్వభావం వేరు. అయితే సొంతది రాసేవారు ఎవరైనా అసెండెంట్ డ్రాగన్‌ను పక్కన పెట్టుకుని రాయడం మేలు. ఊపిరి ఖరీదు విషయంలో అది వేసిన లెక్క చాలా తెలివైనది.

## మాంక్ దగ్గర ఉన్న రెండు ఆస్తులు: కి పాయింట్లు, టర్ను

మాంక్ శక్తికి కొలమానం ‘కి’ పాయింట్లు, ‘కి’ అంటే ఒంట్లోని ప్రాణశక్తి. 2వ లెవెల్ నుంచి ఎన్నో లెవెల్ అయితే అన్ని పాయింట్లు. కాసేపు విశ్రాంతి తీసుకుంటే, ఆటలో కనీసం ఒక గంట, మొత్తం తిరిగి వస్తాయి. ఒక పాయింటు పెడితే అదనంగా ఒక గుద్దు బదులు రెండు గుద్దవచ్చు, దాన్ని ఫ్లరీ అంటారు. ఒక పాయింటుతో దెబ్బలు తప్పించుకోవచ్చు, మరో పాయింటుతో రెట్టింపు దూరం పరుగెత్తవచ్చు. 5వ లెవెల్ నుంచి ఒక పాయింటు పెట్టి శత్రువును స్తంభింపజేసే స్టన్నింగ్ స్ట్రైక్ వాడవచ్చు. అంటే ఒకే బోరు కింద ఇప్పటికే నాలుగు మడులు పారుతున్నాయి. డ్రాగన్ ఊపిరి ఐదో మడి.

రెండో ఆస్తి టర్ను. ప్రతి టర్నులో ఒక యాక్షన్, ఒక బోనస్ యాక్షన్, కొంత నడక ఉంటాయి. ఇతరుల టర్నులో వాడుకోవడానికి ఒక రియాక్షన్ ఉంటుంది. మాంక్ సాధారణంగా యాక్షన్‌తో దాడి చేసి, బోనస్ యాక్షన్‌తో మరో గుద్దు గుద్దుతాడు. 2014 నియమాల్లో ఒక మెలిక ఉంది. యాక్షన్‌ను దాడికే వాడితేనే ఆ బోనస్ గుద్దు దక్కుతుంది. ఈ ఒక్క వాక్యం మరిచిపోయి రాసిన సబ్‌క్లాసులు కొల్లలు.

కి పాయింట్లు ఎక్కువగా గుంజితే ఏమవుతుందో చెప్పడానికి 2014 పుస్తకంలోనే ఉదాహరణ ఉంది. పంచభూతాల్లో నాలుగింటిని ఆడించే ఫోర్ ఎలిమెంట్స్ మాంక్‌కు చిన్న మంట మంత్రం వేయడానికి 2 పాయింట్లు, పెద్ద మంట మంత్రమైన ఫైర్‌బాల్‌కు 4 పాయింట్లు పడతాయి. ఆ ఫైర్‌బాల్ కూడా 11వ లెవెల్‌కు గానీ దొరకదు. విజార్డ్‌కు అది 5వ లెవెల్‌లోనే చేతికొస్తుంది. ఆ సబ్‌క్లాస్ మీద ఆటగాళ్లు ఏళ్ల తరబడి చెప్పిన ఫిర్యాదు ఇదే: నాలుగు మంత్రాలు వేసేసరికి మాంక్ వట్టి చేతులతో మిగులుతాడు, గుద్దులకు కూడా బలం ఉండదు.

## ఊపిరి ఖరీదు: ఒక లెక్క చేసి చూద్దాం

5వ లెవెల్ మాంక్‌ను తీసుకుందాం. చురుకుదనం 18, అంటే కలిపే అంకె 4. వివేకం 16, అంటే 3. ప్రావీణ్యానికి 3. గుద్దు దెబ్బ డి6కు 4 కలిపితే వచ్చేది, సగటున 7.5. ఎదుటి శత్రువు ఆర్మర్ క్లాస్, అంటే దెబ్బ తగలడానికి చేరవలసిన అంకె, 15 అనుకుంటే డి20 మీద 8 లేదా అంతకన్నా ఎక్కువ పడితే గుద్దు తగులుతుంది. అవకాశం నూటికి 65. సగటున ఒక్కో గుద్దు విలువ 4.9. యాక్షన్‌తో రెండు, బోనస్‌తో ఒకటి, మొత్తం మూడు గుద్దులకు సుమారు 14.6. ఒక కి పాయింటు పెట్టి ఫ్లరీ చేస్తే నాలుగు గుద్దులకు 19.5. ప్రత్యేకంగా 20 పడినప్పుడు వచ్చే రెట్టింపు పాచికలను లెక్కలోకి తీసుకోలేదు.

ఇప్పుడు మొదటి రకం హోమ్‌బ్రూ. మా దగ్గరికి డిగ్రీ చదివే కుర్రాడు ఒకడు గ్రాఫ్ పేపరు మీద నీటుగా గీతలు గీసి రాసుకొచ్చాడు. 2 కి పాయింట్లు, ఒక యాక్షన్, 30 అడుగుల కోన్‌లో, అంటే శంకువు ఆకారంలో విచ్చుకునే పరిధిలో, ఉన్న అందరికీ 6డి6 నిప్పు, తప్పించుకున్నవారికి సగం.

"ఆరు పాచికలే కదా అన్నా, విజార్డ్ ఫైర్‌బాల్‌కు ఎనిమిదున్నాయి" అన్నాడు.

"రోజుకు ఎన్నిసార్లు ఊదుతావు తమ్ముడూ?" అని అడిగాడు విజార్డ్ ఆడే ఆయన.

అసలు ప్రశ్న అదే. మాంక్ ఊపిరిని తప్పించుకోవడానికి శత్రువు చేరవలసిన అంకె 8, ప్రావీణ్యం 3, వివేకం 3 కలిపి 14. చురుకుదనానికి 1 కలుపుకునే శత్రువు నూటికి 60 సార్లు తప్పించుకోలేడు. 6డి6 సగటు 21. తప్పించుకున్నప్పటి సగాన్నీ కలిపితే ఒక్కో శత్రువు మీద విలువ 16.8. 5 పాయింట్లతో రెండుసార్లు ఊదవచ్చు. ఆట రోజులో రెండు చిన్న విశ్రాంతులు ఉంటే మొత్తం ఆరుసార్లు. ఒక్కో శత్రువు లెక్కన రోజుకు 101.

విజార్డ్ సంగతి చూద్దాం. 5వ లెవెల్‌లో ఫైర్‌బాల్ వేయగల స్లాట్లు, అంటే రోజుకు అన్నిసార్లే అని ఉండే మంత్రాల ఖాళీలు, రెండు, విశ్రాంతిలో తిరిగి తెచ్చుకునేది ఒకటి, వెరసి మూడు. తెలివి 18 అయితే శత్రువు చేరవలసిన అంకె 15. 8డి6 సగటు 28, తప్పించుకోవడాన్ని లెక్కిస్తే 23.1. మూడింటికి 69. ఫైర్‌బాల్ దూరం ఎక్కువ, పరిధి ఎక్కువ, అది నిజమే. కానీ ఊదడం అయిపోయాక కూడా మాంక్‌కు టర్నుకు మూడు గుద్దులు మిగిలే ఉంటాయి. విజార్డ్‌కు మిగిలేది చిన్న మంత్రాలు. పాచికలు ఆరే అయినా ఈ మాంక్ విజార్డ్ సొత్తును లాక్కున్నాడు.

కొందరు దీనికి విరుగుడుగా పాచికలు తగ్గిస్తారు. 3డి6, యాక్షన్ అలాగే, 2 పాయింట్లు అలాగే. అప్పుడు ఒక్కో శత్రువు మీద 8.4. యాక్షన్ ఊపిరికి పోయింది కాబట్టి 2014 నియమాల ప్రకారం బోనస్ గుద్దు కూడా పోయింది. 14.6 వదులుకుని 8.4 తెచ్చుకోవాలి, పైగా 2 పాయింట్లు చెల్లించాలి. శత్రువులు ఇద్దరే ఉంటే ఎంత కష్టపడినా 16.8, గుద్దులకన్నా నామమాత్రపు లాభం. మొదట చెప్పిన రెండో రకం మాంక్ ఇలాగే పుడతాడు, నిప్పు ఉండీ వాడనివాడు.

అసెండెంట్ డ్రాగన్ వేసిన ఎత్తు ఈ రెంటికీ నడుమ ఉంది. అందులో ఊపిరి మొత్తం యాక్షన్‌ను మింగదు. దాడి చేసేటప్పుడు ఉన్న రెండు గుద్దుల్లో ఒకదాని బదులు ఊదవచ్చు. దెబ్బ మాంక్ గుద్దు పాచిక రెండుసార్లు వేస్తే వచ్చినంత, 5వ లెవెల్‌లో 2డి6. కోన్ 20 అడుగులు, లేదా 30 అడుగుల గీత. ఒక్క శత్రువు మీద దాని విలువ 5.6. వదులుకున్న గుద్దు విలువ 4.9. అంటే ఒంటరి శత్రువు ముందు ఊదినా గుద్దినా దాదాపు ఒకటే, ఇద్దరు ముగ్గురు గుంపుగా ఉంటే 11.2, 16.8. రెండో గుద్దూ బోనస్ గుద్దూ చెక్కుచెదరవు. గుంపు కనిపిస్తేనే ఊదాలన్న ఆశ పుడుతుంది, ఒంటరి శత్రువు ముందు పుట్టదు. ఒక సబ్‌క్లాస్ ఆటగాడి చేత ఆలోచింపజేయడమంటే ఇదే. నాకు ఈ లెక్క చూసినప్పుడల్లా ముచ్చటేస్తుంది.

వివేకం మీద ఆధారపడే ఆ 14 అంకెను చురుకుదనానికి మార్చాలని అడిగేవారూ ఉన్నారు. మాంక్ రెండు గుణాలను పెంచుకోవలసి రావడం భారమేనన్నది వారి వాదన, అందులో న్యాయం ఉంది. కానీ ఒకే గుణంతో గుద్దులూ ఊపిరీ రెండూ పదునెక్కితే వివేకం పెంచుకునే మాంక్ నష్టపోతాడు. ఉన్నదాన్ని ఉన్నట్టు ఉంచడమే నయం.

## ఎన్నిసార్లు ఊదవచ్చు: మూడు వాదాలు

మొదటి వాదం కి పాయింట్లతోనే నడవాలంటుంది. లెక్క ఒక్కచోటే ఉంటుంది, ఆటగాడు ప్రతిసారీ ఎంచుకోవాలి, మాంక్ అంటేనే కి కాబట్టి అదే సహజం. దీని బలహీనత ఫోర్ ఎలిమెంట్స్‌లో చూశాం. స్టన్నింగ్ స్ట్రైక్ ఒక పాయింటుకే శత్రువు టర్నును మింగేయగలదు. దాని పక్కన ఏ ఊపిరైనా ఖరీదుగానే కనిపిస్తుంది.

రెండో వాదం వేరే ఖాతా తెరవాలంటుంది. అసెండెంట్ డ్రాగన్‌లో ప్రావీణ్యం అంకె ఎంతైతే అన్నిసార్లు, అంటే 5వ లెవెల్‌లో మూడుసార్లు, రాత్రి నిద్రకూ నిద్రకూ మధ్య ఉచితం. అవి అయిపోయాక ఊదాలంటే 2 పాయింట్లు. 3వ లెవెల్‌లో ఉన్నవాడు కూడా తొలి రోజే డ్రాగన్‌నన్న భావనతో ఆడగలడు. కాకపోతే పాత్ర వివరాలు రాసుకునే షీటు మీద చెరిపి రాసుకోవలసిన గళ్లు పెరుగుతాయి, కొత్తవారు తికమకపడతారు.

మూడో వాదం వినడానికి అన్నిటికన్నా బాగుంటుంది. ఆటలోని డ్రాగన్లలాగే మాంక్ కూడా ఒకసారి ఊదాక ప్రతి టర్ను మొదట డి6 వేయాలి, 5 గానీ 6 గానీ పడితే ఊపిరి తిరిగొచ్చినట్టు. నిజమైన డ్రాగన్ అనిపిస్తుంది. కానీ ఆ పాచిక డీఎం చేతిలో ఉన్నంత బాగా ఆటగాడి చేతిలో పనిచేయదు. వరుసగా రెండు టర్నులు తిరిగి రాకపోయే అవకాశం 4/9, అంటే నూటికి 44. మూడు నాలుగు రౌండ్లలో ముగిసే పోరులో నూటికి 30 నుంచి 44 మందికి రెండో ఊపిరి దక్కదు. పోరు లేనప్పుడేమో టర్నులకు కొదవే లేదు, తలుపు కాల్చడానికీ గడ్డివాము అంటించడానికీ లెక్కలేనన్నిసార్లు ఊదవచ్చు. డీఎం పక్కన ఉండి అదుపు చేయగలిగితే తప్ప నేనైతే దీని జోలికి వెళ్లను.

## 2024 నియమాల్లో అదే సబ్‌క్లాస్ ఎలా మారుతుంది

కొత్త నియమాల్లో కి పాయింట్లకు ఫోకస్ పాయింట్లని పేరు మారింది. ఆ మార్పు పైపైదే. లోపలి మార్పుల్లో ఈ లెక్కకు ముఖ్యమైనవి మూడు. గుద్దు పాచిక ఒక మెట్టు పెరిగింది, 5వ లెవెల్‌లో డి6 ఉన్నచోట ఇప్పుడు డి8. బోనస్ గుద్దుకు ముందు దాడి చేసి తీరాలన్న షరతు పోయింది. రోజుకోసారి పోరు మొదట్లోనే ఫోకస్ పాయింట్లన్నీ తిరిగి నింపుకునే వీలొచ్చింది.

లెక్క మళ్లీ వేద్దాం. గుద్దు డి8కు 4 కలిపి సగటున 8.5, తగిలే అవకాశంతో 5.5. గుద్దు పాచిక రెండుసార్లు వేసే ఊపిరి 2డి8, సగటు 9, తప్పించుకోవడం లెక్కిస్తే 7.2. పాత నియమాల్లో ఒంటరి శత్రువు మీద ఊపిరి గుద్దుకన్నా నూటికి 15 వంతులు ఎక్కువైతే, ఇప్పుడు 30 వంతులు ఎక్కువ. కారణం చిన్నదే. పాచిక పెరిగినప్పుడు ఊపిరికి రెండు పాచికలూ పెరుగుతాయి, గుద్దుకు ఒకటే పెరుగుతుంది, దానికి కలిపే 4 పెరగదు. ఆట చెడిపోయేంత తేడా కాదు, కానీ "ఒంటరి శత్రువు ముందు ఊదాలన్న ఆశ పుట్టదు" అన్న మాట కొంచెం బలహీనపడింది. యాక్షన్ మొత్తం మింగే పాత హోమ్‌బ్రూల సంగతి ఇంకా తారుమారయింది. ఊదాక కూడా ఇప్పుడు ఫ్లరీ చేయవచ్చు. పాత నియమాల్లో గిట్టుబాటు కాని 3డి6 ఊపిరి కొత్త నియమాల్లో గిట్టుబాటు అవుతుంది, ముందే ఎక్కువైన 6డి6 మరీ మితిమీరుతుంది.

## రెక్కలు: దేవరకొండ గోడ దగ్గర

ఎగరడం ఎప్పుడివ్వాలన్నది రెండో పెద్ద తగాదా. 3వ లెవెల్‌లోనే పూర్తిగా ఎగరనివ్వాలని కొందరు, అసలే వద్దని కొందరు. అసెండెంట్ డ్రాగన్ 6వ లెవెల్‌లో, పరుగు కోసం ఒక పాయింటు పెట్టినప్పుడు మాత్రమే, అదీ ఆ టర్ను ముగిసేవరకే రెక్కలిస్తుంది.

14, 15 శతాబ్దాల్లో పద్మనాయక రాజులు ఏలిన దేవరకొండ కోటను ఆటకు నేపథ్యంగా పెట్టుకుందాం. ఏడు కొండల నడుమ కోట, ఆట కోసం 60 అడుగుల గోడ. డీఎం గోడ ఎక్కడం చుట్టూ కథ అల్లాడు. తాళ్లు, రాత్రి కాపలా, లంచం తీసుకునే భటుడు. 6వ లెవెల్ మాంక్ నడక 45 అడుగులు, రెట్టింపు చేస్తే టర్నుకు 90. ఒక్క టర్నులో గోడపైన ఉంటాడు. 90 అడుగుల ఎత్తులో టర్ను ముగించి పడిపోయినా పదడుగులకు డి6 చొప్పున 9డి6, సగటు 31.5 దెబ్బ. మాంక్‌కు పడేటప్పుడు లెవెల్‌కు 5 చొప్పున 30 తగ్గించుకునే శక్తి ఎలాగూ ఉంది. దాదాపు ఏమీ కాదు.

కాబట్టి "ఎగిరితే గోడలకు అర్థం ఉండదు" అన్న అభ్యంతరం టర్ను వరకే ఉండే రెక్కలకూ వర్తిస్తుంది. పూర్తి రెక్కలకు మాత్రమే ఉన్న అసలు ప్రమాదం వేరే. విల్లు లేని శత్రువులకు అందనంత ఎత్తులో నిలబడి బాణాలు, ఈటెలు విసురుతూ ఉండిపోవడం. 3వ లెవెల్‌లో ఎదురయ్యే తోడేళ్లు, ఎలుగులు, కత్తి పట్టిన బందిపోట్లు దాని ముందు చేతులెత్తేస్తాయి. టర్ను చివర నేలను తాకాలన్న ఒక్క షరతు ఈ ప్రమాదాన్ని పూర్తిగా తీసేస్తుంది, గోడ దూకే ఆనందాన్ని మాత్రం అలాగే ఉంచుతుంది.

## ఏ డ్రాగన్: రంగుల లెక్క, పడగ నీడ

ఆటలోని డ్రాగన్లు రెండు వంశాలు. నలుపు, నీలం, ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు రంగులవి ఒకటి. ఇత్తడి, కంచు, రాగి, బంగారం, వెండి లోహాలవి మరొకటి. వాటి ఊపిరి ఆమ్లం, పిడుగు, విషం, నిప్పు, చలి అనే ఐదు రకాల్లో ఒకటి. 3వ లెవెల్‌లో ఒక రకం ఎంచుకుని చివరిదాకా దానికే కట్టుబడాలని కొందరు రాస్తారు. పాత్రకు స్వభావం వస్తుంది, నిజమే. కానీ ఆకుపచ్చ డ్రాగన్‌ను ఎంచుకున్నవాడు శ్మశానాల కథలో ఇరుక్కుంటే? చచ్చి లేచినవాటిలో చాలావాటికి విషం అంటదు. అసెండెంట్ డ్రాగన్ ఊదిన ప్రతిసారీ రకం మార్చుకోనిస్తుంది, ఆ స్వేచ్ఛకు బదులుగా స్వభావం పలుచబడుతుంది. నాకు నడిమి దారి నచ్చుతుంది. ఒకటి ఎంచుకోవాలి, రాత్రి నిద్ర లేచాక కావాలంటే మార్చుకోవచ్చు.

ఇంకో ఉచ్చు ఉంది. 2014 మాంక్‌కు 10వ లెవెల్‌లో విషం అంటని శక్తి ఎలాగూ వస్తుంది. 11వ లెవెల్‌లో "విషాన్ని సగం తట్టుకోగలవు" అని రాసి ఇస్తే ఆటగాడికి ఇచ్చింది శూన్యం.

ఇంత చెప్పాక, దక్షిణ తెలంగాణలో కూర్చుని ఆడేవాళ్లం రెక్కలున్న ఎర్ర డ్రాగన్‌నే ఎందుకు పట్టుకు వేలాడాలని నాకనిపిస్తుంది. 2016 దాకా ఉమ్మడి నల్లగొండలో ఉండి ఇప్పుడు సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఉన్న ఫణిగిరి గుట్ట పాము పడగలా ఉంటుంది. దాని మీద శాతవాహనుల, ఇక్ష్వాకుల కాలాల్లో బౌద్ధ భిక్షువులు నివసించిన విహారాల శిథిలాలున్నాయి. అక్కడ దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రదర్శనకు వెళ్లాయి. పడగ గుట్ట మీద భిక్షువులు! డ్రాగన్ మాంక్‌కు ఇంతకన్నా సొంతమైన ఊరు ఎక్కడ దొరుకుతుంది? బౌద్ధ కథల్లో నాగులు భిక్షువులకు కొత్త కాదు. ముచలిందుడనే నాగరాజు వానలో తడవకుండా బుద్ధుడికి ఏడు రోజులు పడగ పట్టాడు. నాగార్జునుడు నాగలోకం నుంచి ప్రజ్ఞాపారమిత గ్రంథాలు తెచ్చాడని ఐతిహ్యం. అయితే ఫణిగిరి భిక్షువులు యోధులు కారు. ఆటలోని మాంక్ తూర్పు ఆసియా యుద్ధకళల కథల నుంచి వచ్చినవాడు. ఈ తేడాను బల్ల దగ్గర అందరికీ చెప్పి మొదలుపెట్టడం మర్యాద.

నాగుడు డ్రాగన్ స్థానంలోకి వస్తే సబ్‌క్లాస్ మొగ్గు దాడి నుంచి కాపుదలకు మళ్లుతుంది. 6వ లెవెల్‌లో రెక్కల బదులు పడగ నీడ అనుకుందాం. పది అడుగుల లోపు ఉన్న స్నేహితుడికి దెబ్బ తగిలినప్పుడు మాంక్ రియాక్షన్, ఒక కి పాయింటు పెట్టి ఆ దెబ్బను గుద్దు పాచికకు వివేకం కలిపినంత తగ్గిస్తాడు. డి6కు 3 కలిపితే సగటు 6.5. అదే పాయింటు ఫ్లరీకి పెడితే వచ్చే అదనపు గుద్దు విలువ 4.9. పడగ కొంచెం చవకే, కానీ స్నేహితుడు దగ్గరుంటేనే పనికొస్తుంది కాబట్టి సరిపోతుంది. 2024 మాంక్‌కు తన మీద పడే దెబ్బను తగ్గించుకునే శక్తి కూడా రియాక్షన్‌తోనే వస్తుంది. అప్పుడు తనను కాచుకోవాలా, స్నేహితుణ్ణి కాయాలా అన్న ఎంపిక ప్రతి రౌండులో ఎదురవుతుంది. ముచలిందుడి కథకు ఇది నాకు చాలా దగ్గరగా అనిపిస్తుంది.

11వ లెవెల్‌లో పడగ విప్పితే చుట్టుపక్కల శత్రువులు భయపడటం చాలు. 17వ లెవెల్‌కు కుబుసం విడవడం. చూపు పోవడం, కట్టుబడిపోవడం, రాయిగా మారడం వంటివన్నీ రోజుకోసారి ఒక్కసారిగా రాలిపోతాయి. భయం, మోహం, విషం ఇక్కడ చేర్చనక్కరలేదు, మాంక్‌కు వాటి విరుగుడు ముందే ఉంది. కానీ అదే లెవెల్‌లో ఓపెన్ హ్యాండ్ అనే సబ్‌క్లాస్ మాంక్ 3 పాయింట్లతో, తన గుద్దు తగిలిన శత్రువు తట్టుకోలేకపోతే తర్వాత ఒక యాక్షన్‌తో అతణ్ణి సున్నా హిట్ పాయింట్లకు, అంటే ఇక దెబ్బ తట్టుకోలేని స్థితికి, తేగలడు. దాని పక్కన కుబుసం ఒక్కటే తేలిక. పోయిన హిట్ పాయింట్లలో సగం తిరిగి రావడం కూడా జోడిస్తే తూకం కుదురుతుందని నా అంచనా.

నాగులను ఆటలోకి తేవడం తగునా అని అడిగేవారున్నారు. నాగుల చవితికి పుట్టలో పాలు పోసే ఇళ్లు మనవి. పూజించే రూపానికి హిట్ పాయింట్లు రాయడం వారికి కష్టంగా ఉండటంలో వింత లేదు. కథల్లో నాగులు ఎప్పటి నుంచో ఉన్నారు, పిల్లలకు ఆ కథలు మళ్లీ దగ్గర చేయడం మంచిదేనని రెండో పక్షం. మా బల్ల దగ్గర కుదిరిన ఒప్పందం ఏమిటంటే, సబ్‌క్లాసుకు నాగుల పేరు పెట్టవచ్చు, కొట్టి చంపే శత్రువుకు పెట్టకూడదు.

## రాసింది పంచుకోవడం

2023 జనవరిలో ఐదో ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద విడుదల చేశారు. మాంక్ క్లాస్, ఓపెన్ హ్యాండ్ సబ్‌క్లాస్ అందులో ఉన్నాయి. మూలాన్ని పేర్కొంటే వాటిని తెలుగు చేసుకుని, వాటి మీద సొంత సబ్‌క్లాస్ రాసి అమ్ముకోవచ్చు కూడా. అసెండెంట్ డ్రాగన్ అందులో లేదు, కాబట్టి దాని వాక్యాలను దించుకోవడం కుదరదు.

## బల్ల మీద పరీక్షిస్తే తెలిసేది

కాగితం మీది సగటులు సగం మాత్రమే చెబుతాయి. ఒకే సాయంత్రం మూడు రకాల పోరులు పెడితే మిగతా సగం బయటపడుతుంది: ఒంటరి రాక్షసుడు, నలుగురు ఓ మోస్తరు భటులు, పదిమంది గాబ్లిన్లనే పొట్టి రాక్షసులు. మాంక్ ప్రతి టర్నులో ఏం ఎంచుకున్నాడో, అదే రౌండులో పక్కవాళ్లకు ఏం మిగిలిందో రెండు వరుసల్లో రాసుకుంటే చాలు. ఒంటరి రాక్షసుడి మీద కూడా ప్రతి టర్నూ ఊదుతుంటే ఊపిరి చవక. పదిమంది గాబ్లిన్ల ముందు కూడా ఊదకపోతే అది ఖరీదు.

గాబ్లిన్ల పోరు దగ్గరికొచ్చేసరికి తేడా కళ్లకు కడుతుంది. 2014 గాబ్లిన్‌కు 7 హిట్ పాయింట్లు, చురుకుదనానికి 2. తప్పించుకోవలసిన అంకె 14 అయితే నూటికి 55 సార్లు దొరికిపోతుంది. 2డి6 మీద 7 లేదా ఎక్కువ పడే అవకాశం నూటికి 58. తప్పించుకున్నదానికి పడే సగం దెబ్బ 7కు చేరదు. అంటే కోన్‌లో నాలుగు గాబ్లిన్లు ఉంటే సగటున ఒకటి పడిపోతుంది, రెండోది అప్పుడప్పుడు. మిగతావి గాయపడి నిలబడతాయి, రోగ్‌కూ ఫైటర్‌కూ పని ఉంటుంది. గ్రాఫ్ పేపరు మీద రాసుకొచ్చిన 6డి6తో అదే కోన్‌లో దొరికిపోయినవన్నీ చస్తాయి, తప్పించుకున్నవి కూడా సగం దెబ్బకే దాదాపు అన్నీ చస్తాయి. రెండో వరుసలో రోగ్ పేరు ఎదురుగా, ఫైటర్ పేరు ఎదురుగా రాయడానికి ఏమీ ఉండదు.